శెట్టిగారి నంబరు

శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు నౌషీన్ కోర్సులో చివరి పాఠం పూర్తి చేసింది. సర్టిఫికెట్ రాలేదు.

తెర మీద ఒక గడి వచ్చింది. "మీ ఆధార్‌కు అనుసంధానమైన మొబైల్ నంబరుకు ఓటీపీ పంపించాం. ఆరు అంకెలు నమోదు చేయండి" అని దాని పైన రాసి ఉంది. కింద ఆ నంబరులోని చివరి నాలుగు అంకెలు కనిపిస్తున్నాయి. అవి నౌషీన్ నంబరువి కావు. ఆ వీధిలో పిల్లల్ని నిద్ర లేపి అడిగినా చెప్పే నంబరు అది. శెట్టిగారి నంబరు.

ఆ ఫోను సోమవారం నుంచి పోలీస్ స్టేషన్ బీరువాలో ఉంది.

మాచర్లలో నాపరాళ్ల పాలిషింగ్ షెడ్ల వెనక ఉంది ఆ వీధి. అక్కడ ఆధార్ క్యాంపు పెట్టిన ఏడు, వీధి మొత్తానికి ఫోను ఉన్నది అందరూ శెట్టిగారనే వెంకటసుబ్బయ్య కిరాణా కొట్లోనే. క్యాంపులో మొబైల్ నంబరు అడిగితే అందరూ ఆయన నంబరే రాయించారు. గ్యాస్ కనెక్షన్‌కూ, బ్యాంకు ఖాతాకూ అదే ఇచ్చారు. తర్వాత ఇంటింటికీ ఫోన్లు వచ్చాయి. నంబరు మార్పించుకోవాలని ఎవరికీ తోచలేదు, ఆ అవసరం పడలేదు. మెసేజ్ శెట్టిగారి కీప్యాడ్ ఫోనుకు వస్తుంది. కావలసినవాళ్లు కొట్టు ముందుకొచ్చి నిలబడతారు, లేదా ఫోన్ చేస్తారు. వెంకటసుబ్బయ్య "ఎవరింటిది?" అని అడుగుతాడు. ఇంటి పెద్ద పేరు చెబుతారు. ఆయన అంకెలు చదువుతాడు.

పోయిన నెలలో ఎవరో ఫోన్ చేశారు. ఎవరింటిదని వెంకటసుబ్బయ్య అడిగాడు. పిచ్చమ్మ గారింటిదని అవతలి మనిషి చెప్పాడు. ఆయన అంకెలు చదివాడు. సాయంత్రానికి పిచ్చమ్మ బ్యాంకు ఖాతా ఖాళీ అయింది. అందులో ఉన్నది ఆమె పింఛను, రాళ్ల షెడ్డులో కూలి చేసి దాచుకున్నది.

పిచ్చమ్మకు చదువు రాదు. ఆమె తరఫున ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టింది నౌషీన్. మోసపోతే ఎక్కడ, ఎలా చెప్పుకోవాలన్నది ఆమె చదువుతున్న కోర్సులో ఒక పాఠం. చదివిన మర్నాడే ఆ పాఠం పనికొచ్చింది. సోమవారం పోలీసులు కొట్టుకు వచ్చి ఫోను అడిగారు. అది కొట్లో లేదు. వెంకటసుబ్బయ్య భార్య ధనమ్మ లోపలికి వెళ్లి, కొంతసేపటికి తెచ్చి ఇచ్చింది. చార్జింగ్ అయిపోయిందని చెప్పింది. స్టేషన్ రైటర్ దాన్ని ఖాకీ కవర్లో పెట్టి లక్కసీలు వేశాడు. ఈ సీరియల్ కిందటివారం భాగం ఆ కవరు బీరువాలోకి వెళ్లిన చోట ఆగింది.

ఫోనూ ఇంటర్నెట్టూ వాడటం నేర్పే ఆ కోర్సు నడిపేది అక్షరతెర అనే సంస్థ. దానికి మాస్టారు లేడు, తరగతి లేదు, గంట లేదు. "ఎవరి వేగం వారిది" అని మొదటి పేజీలో ఉంటుంది. నౌషీన్ చీరలకు ఫాల్ కుట్టి పీకో చేస్తుంది. ఫోనును దారపుకండెల డబ్బాకు ఆనించి, మిషన్ తొక్కుతూ పాఠాలు వినేది. మిషన్ చప్పుడులో వినపడని చోట ఆపి, వెనక్కి జరిపి మళ్లీ వినేది. ఈమెయిల్ పాఠం పూర్తి చేయడానికి ఆమెకు రంజాన్ నెల మొత్తం పట్టింది. కోర్సులో చేరేటప్పుడు తన నంబరే ఇచ్చింది. లాగిన్ అయినప్పుడల్లా ఓటీపీ తన ఫోనుకే వచ్చేది. చివరి మెట్టు దగ్గర ఆధార్ అడుగుతారని ఏ పాఠంలోనూ చెప్పలేదు.

ఆ సంస్థ మాచర్లలో ఒక సహాయ కేంద్రం తెరుస్తోంది. బస్టాండు దగ్గర గది తీసుకున్నారు, బోర్డు కూడా పెట్టారు. అందులో కూర్చోవడానికి ఒక ఆడమనిషి కావాలి. పదో తరగతి, ఈ సర్టిఫికెట్ ఉండాలి. దరఖాస్తు గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. నౌషీన్ భర్త జావీద్ పాలిషింగ్ మెషిన్ల మెకానిక్. వేసవిలో మెషిన్ బెల్టులో కుడిచెయ్యి పడింది. అప్పటినుంచి ఇంట్లోనే ఉన్నాడు. పానా పట్టుకోలేడు.

నౌషీన్ కోర్సు పేజీలో సహాయం అన్న చోట నొక్కింది. తన ఆధార్‌కు ఉన్న నంబరు వేరేవాళ్లదని, ఆ ఫోను తన దగ్గర లేదని రాసింది. "మీ ఆధార్‌కు అనుసంధానమైన నంబరుకు వచ్చిన ఓటీపీ నమోదు చేయండి" అని జవాబు వచ్చింది. ఫోను పోలీసుల దగ్గర ఉందని రాసింది. అదే జవాబు వచ్చింది. మనిషితో మాట్లాడాలని రాసింది. "మా సేవకు మీరు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని ఆ పేజీ అడిగింది.

ఆధార్ కేంద్రానికి ఫోన్ చేసింది. నంబరు మార్చడానికి రోజులు పడతాయని అక్కడి మనిషి చెప్పాడు. ఈ రోజే కావాలంటే ఎట్టా అని అడిగితే, ఈ రోజు కావాలంటే పోయిన వారం రావాల్సిందన్నాడు.

వంటింట్లోంచి ఆమె అత్త ఫాతిమా వచ్చింది. విషయం వింది.

"ధనమ్మని అడుగు బేటా," అంది. "నా పేరు చెప్పు. జావీద్ పుట్టినప్పుడు నాకు పథ్యం వండిపెట్టింది ఆమే."

"ఆమె దగ్గరేముంది అమ్మీ? ఫోను స్టేషన్లో ఉంది."

"అడిగితే పోయేదేముంది?"

నౌషీన్ బురఖా వేసుకుని బయల్దేరింది.

కొట్లో వెంకటసుబ్బయ్య ఒక్కడే ఉన్నాడు. కాటా పక్కన, ఫోను ఉండే చోట, అట్టముక్క అలాగే ఉంది. సోమవారం నుంచి ఆయన కొట్టు తెరుస్తున్నాడు, సరుకు కడుతున్నాడు. అవసరమైతే తప్ప నోరు విప్పడం లేదు.

"బాబాయ్, ఓటీపీ వచ్చుంటది," అంది నౌషీన్.

"ఎవరింటిది?" అన్నాడాయన. అన్నాక తల దించుకున్నాడు.

"మాదే."

"ఫోనెక్కడుందో తెలుసుగా అమ్మా."

"తెలుసు బాబాయ్."

లోపలి గుమ్మంలోంచి ధనమ్మ వచ్చింది. ఆమె చేతిలో చేట, చేటలో మినుములు ఉన్నాయి.

"తెలవకపోవడమేంది? దాన్నక్కడికి పంపిందే ఆమె గదా."

"పిన్నీ, నేను మీ మీద పెట్టలా కంప్లయింటు. దొంగ మీద పెట్టా."

"దొరికాడా దొంగ?"

"లేదు."

"మరెవరు దొరికారు? మీ బాబాయ్ దొరికాడు. ఎన్నిసార్లు పిలిచారనుకున్నావ్. ఈ మనిషి పుట్టి బుద్ధెరిగాక స్టేషన్ మెట్టెక్కలా. వీధిలో ఉన్నోళ్లందరికీ అంకెలు చదివి చదివి కళ్లజోడొచ్చింది. ఆ పుణ్యానికి ఒక్కళ్లన్నా, సూపర్ మార్కెట్టుకు పోకుండా మన కొట్లో కందిపప్పు కొన్నారా?"

"ఊరుకోవే," అన్నాడు వెంకటసుబ్బయ్య.

"నేనూరుకుంటా. వాళ్లూరుకుంటారా?"

నౌషీన్ కోర్సు సంగతి చెప్పింది. సహాయ కేంద్రం సంగతి, గడువు సంగతి చెప్పింది. "ఐదింటిలోపల ఆ అంకెలు కొట్టాల పిన్నీ. కొట్టకపోతే నా పేరే ఉండదు లిస్టులో. ఆయన చెయ్యి చూస్తన్నారుగా మీరు."

ధనమ్మ మినుముల్లో రాయి ఏరి బయటికి విసిరింది.

"చెయ్యి సంగతి నాకు నువ్వు చెప్పాలా? వాడు నా కళ్లముందు పెరిగినోడు. సరేగానీ, ఆ కోర్సులో ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని చెప్పారా లేదా?"

"చెప్పారు."

"పరీక్షలో అడిగారా?"

"అడిగారు."

"మార్కు పడిందా?"

"పడింది."

"మరిప్పుడు మా ఆయన్నెందుకడగతన్నావ్?"

పరీక్షలో ఆ ప్రశ్నకు నాలుగు జవాబులు ఇచ్చారు. భర్తకు చెబుతాను, స్నేహితులకు చెబుతాను, బ్యాంకు వాళ్లకు చెబుతాను, ఎవరికీ చెప్పను. నౌషీన్ నాలుగోది నొక్కింది. కిరాణా కొట్టు ఆ నాలుగింటిలో లేదు.

అప్పుడు వీధిలోకి గ్యాస్ బండి వచ్చింది. ఎదురింటి శేషమ్మ గుమ్మం ముందు ఆగింది. శేషమ్మ ఇంట్లో లేదు. అంతలో ధనమ్మ ఇంటి పక్క సందులోంచి, చేతిలో ఒక చీటీతో శేషమ్మే వచ్చింది. బండి మనిషికి చీటీ చూసి అంకెలు చెప్పింది. అతను సిలిండర్ దింపాడు.

"ఏమే కంప్యూటరమ్మా," అని శేషమ్మ అటునుంచి పిలిచింది. "మా ఫ్యాను నిన్నట్నించి తిరగట్లా. దానికేమన్నా పాఠముందా మీ ఫోన్లో? లేకపోతే ఫ్యాను మీద కూడా కంప్లయింటు పెడతావా?"

నౌషీన్ సిలిండర్‌ను చూసింది. అప్పటికి ఏమీ అనుకోలేదు.

వెంకటసుబ్బయ్య గల్లాపెట్టెకు తాళం వేసి లేచాడు.

"పద అమ్మా. ఎస్సైగారిని అడిగి చూద్దాం. ఒక్క నిమిషం ఆన్ చేసి చూపిస్తే వాళ్లకు పోయేదేముంది?"

"మీరెందుకు?" అంది ధనమ్మ. "ఆమె పోద్దిలే."

"నంబరు నాది. నేను లేకపోతే ఆమెకు చూపిస్తారా?"

"మీరున్నా చూపించరు. వెళ్లమాకండి."

"చూపించకపోతే తిరిగొస్తాం. కొట్టు చూసుకో."

ధనమ్మ చేట కింద పెట్టి మెట్టు దిగి వచ్చింది. నౌషీన్ చెయ్యి పట్టుకుంది. గొంతు తగ్గించింది.

"నా మాట విను. ఇయ్యాలకు వదిలెయ్. ఉద్యోగాలు మళ్లీ వస్తయ్. ఆ కవరు తెరవమని మాత్రం అడగమాక."

"ఎందుకు పిన్నీ?"

"ఎందుకేంది? తెరిస్తే మళ్లీ ఈయన్నే కూకోబెడతారు."

నౌషీన్ చెయ్యి విడిపించుకుంది. ఇద్దరూ మెయిన్ రోడ్డు మీద ఆటో ఎక్కారు. దారిలో వెంకటసుబ్బయ్య ఒకే మాట అన్నాడు.

"ఆ రోజు గొంతు కొత్తదే అమ్మా. కొత్త గొంతని అనుకున్నా కూడా. కానీ ఇల్లు సరిగ్గా చెప్పాడు."

స్టేషన్లో ఎస్సై లేడు. మంత్రిగారి బందోబస్తుకు వెళ్లాడని రైటర్ చెప్పాడు. కూర్చోమన్నాడు. వెంకటసుబ్బయ్య బల్ల మీద కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎదురు గోడ మీద ఒక పోస్టరు ఉంది. ఆయన కళ్లజోడు సర్దుకుని దాన్ని పైకే చదివాడు. "మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి." ఇంకోసారి చదివాడు, ఈసారి లోపల.

నౌషీన్ ఫోను తీసి కోర్సు పేజీ చూసింది. గడి అలాగే ఉంది. రైటర్‌ను అడిగింది. కవరు తన చేతుల్లో లేదన్నాడు. చేతుల్లో లేకపోయినా బీరువా తాళం అతని మొలతాడుకే ఉంది.

ఎస్సై వచ్చేసరికి నాలుగు దాటింది. టోపీ తీసి కూర్చుని, నీళ్లు తాగి, ఇద్దరినీ లోపలికి పిలిచాడు. చెప్పింది మొత్తం విన్నాడు.

"ఆన్ చేయకూడదమ్మా," అన్నాడు. "అది ల్యాబుకు పోవాలి. మనం ఇక్కడ ఆన్ చేస్తే లోపల ఏదో మార్చామని రేపు దొంగ తరఫు లాయరు అంటాడు."

"ఒక్క నిమిషం సార్."

"నిమిషమైనా ఒకటే, గంటైనా ఒకటే."

"నాకు చూపించొద్దు సార్. మీరే చూసి అంకెలు చెప్పండి."

"నేను చెప్పాలా?" అన్నాడు ఎస్సై. "బయట ఆ పోస్టరు ఎవరు అంటించారనుకున్నావ్?"

రైటర్ నవ్వాడు. వెంకటసుబ్బయ్య నవ్వలేదు.

"డూప్లికేట్ సిమ్ తీసుకోమంటారా సార్?" అని అడిగాడు. "ఈ అమ్మాయి కోసమని కాదు. వీధంతా ఆగిపోయింది."

"కేసు తేలేదాకా ఆ నంబరు ముట్టుకోవద్దని ముందే చెప్పాను కదా." ఎస్సై నౌషీన్ వైపు తిరిగాడు. "ఆ కోర్సు వాళ్లకు ఫోన్ చేసి గడువు పెంచమను. నేను కావాలంటే రాసిస్తా."

"ఫోన్ ఎత్తడానికి మనుషుల్లేరు సార్ దానికి. ఎవరికి వాళ్లు నేర్చుకునేది."

"మనుషులు లేకుండా ఉద్యోగం ఎట్టా ఇస్తారు?"

"సర్టిఫికెట్ వచ్చాక మనుషులుంటారు సార్."

నౌషీన్ ఫోను చేతిలోకి తీసుకుని "మళ్లీ పంపు" అన్న చోట నొక్కింది. ఎందుకు నొక్కావని తర్వాత అడిగితే, ఇంకేం చేయాలో తెలియలేదని చెప్పింది.

గడి కింద చిన్న అక్షరాల్లో "పంపించాం" అని వచ్చింది. కొంతసేపటికి ఆ మాట పోయి "అందింది" అని వచ్చింది.

మెసేజ్‌ల పాఠంలో ఈ రెండు మాటల తేడా చెప్పారు. అవతలి ఫోను ఆగిపోయి ఉంటే మెసేజ్ "పంపించాం" దగ్గరే ఉంటుంది. ఆ నంబరు పనిచేస్తుంటేనే "అందింది" అవుతుంది. మధ్యాహ్నం నుంచి నౌషీన్ ఆ బటన్ చాలాసార్లు నొక్కింది. చూపు అంకెల గడి మీదే ఉండటంతో కింది మాట చదవలేదు.

"సార్," అంది. "ఫోను ఆపేసి ఉందన్నారు గదా."

"సోమవారం నుంచి ఆగిపోయే ఉంది."

"మెసేజ్ అందిందని చూపిస్తంది సార్."

ఎస్సై ఫోను తీసుకుని చూశాడు. "ఇవన్నీ ఊరికే అట్టాగే చూపిస్తాయి," అన్నాడు. తిరిగి ఇవ్వబోయి ఆగాడు. "ఆ నంబరుకు కాల్ చెయ్. స్పీకర్ పెట్టు."

నౌషీన్ ఫోన్లో ఆ నంబరు "శెట్టి బాబాయ్" అనే పేరుతో ఉంది. నొక్కింది. ఫోను బల్ల మీద పెట్టింది.

రింగ్ అయింది.

రైటర్ లేచి బీరువా తీశాడు. ఖాకీ కవరు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. లక్కసీలు చెక్కు చెదరలేదు. బల్ల మీద ఫోన్లో రింగ్ అవుతూనే ఉంది. తర్వాత ఎవరో ఎత్తారు.

"ఎవరింటిది?"

ఆడగొంతు. నౌషీన్ ఆలోచించేలోపే నోట్లోంచి జవాబు వచ్చేసింది.

"ఫాతిమా గారింటిది."

అదే సమయంలో ఎస్సై వెనకున్న వైర్‌లెస్ సెట్లో ఎవరో మాట్లాడారు. అవతల లైను తెగింది.

ఎస్సై ఇద్దరు సాక్షుల్ని పిలిపించాడు. ఒకరు ఎదురుగా జిరాక్స్ షాపు అతను, ఇంకొకరు ఏదో పనిమీద స్టేషన్‌కు వచ్చిన పెద్దమనిషి. కానిస్టేబుల్ తన ఫోన్లో వీడియో తీశాడు. కవరు ఇంకా కోర్టుకు పోలేదు కాబట్టి తెరుస్తున్నానని, తెరిచే కారణం ఇదని ఎస్సై ఆ వీడియోలో చెప్పాడు. రైటర్ సీలు పగలగొట్టి ఫోను బయటికి తీశాడు. వెనక మూత ఊడదీశాడు. బ్యాటరీ తీశాడు.

బ్యాటరీ కింద సిమ్ పెట్టే చోటు ఖాళీగా ఉంది.

"సోమవారం మీరు చూళ్లేదా?" అని జిరాక్స్ షాపు అతను అడిగాడు.

ఎస్సై వెంకటసుబ్బయ్యను చూశాడు.

"ఇందాక ఎత్తింది ఎవరు?"

"తెలవదు సార్."

"మీ నంబరు, మీకు తెలవదా?"

"నాకు చెవులు సరిగా వినపడవు సార్."

"మొన్న మీ స్టేట్‌మెంట్లో దొంగ గొంతు కొత్తదని చెప్పారు. అప్పుడు వినపడ్డాయిగా?"

వెంకటసుబ్బయ్య పక్కనున్న కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆయనే కూర్చున్నాడు.

నౌషీన్‌కు ఆ గొంతు తెలుసు. రెండు గంటల కిందట తనను కవరు తెరవమని అడగొద్దన్న గొంతు అది. ధనమ్మ ఇంటి పక్క సందులోంచి శేషమ్మ చీటీతో ఎందుకొచ్చిందో, గ్యాస్ బండి మనిషికి ఆ అంకెలు ఎలా చెప్పగలిగిందో ఇప్పుడు అర్థమైంది. ఫోను అడగడానికి పోలీసులు వచ్చిన రోజు ధనమ్మ లోపల కొంతసేపు ఎందుకు ఉందో కూడా అర్థమైంది. వీధి ఆగిపోలేదు. ఆగిపోయింది తను ఒక్కతే.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు ఎస్సై. "కంప్లయింటు పెట్టింది నువ్వు. మెసేజ్ అందిందని పట్టుకుంది కూడా నువ్వే. ఆ గొంతు ఎవరిది?"

నౌషీన్ గోడ గడియారం చూసింది. ఐదుకు పావుగంట కూడా లేదు. వెంకటసుబ్బయ్యను చూసింది. ఆయన నేల చూస్తున్నాడు.

"సార్, ముందు నా..." అని మొదలుపెట్టింది.

బల్ల మీద ఆమె ఫోను మోగింది. తెర మీద "శెట్టి బాబాయ్" అని ఉంది.

వెంకటసుబ్బయ్య చెయ్యి చాచాడు. ఎస్సై ఆయన చెయ్యి పక్కకు జరిపి, ఎవరూ మాట్లాడొద్దన్నట్టు వేలు చూపించాడు. వైర్‌లెస్ సెట్ గొంతు తగ్గించమని రైటర్‌కు సైగ చేశాడు. ఫోను ఎత్తి స్పీకర్ పెట్టాడు.

"ఫాతిమా అక్కా, నేను," అంది ఆ గొంతు. "ఇందాక నీ పక్కన ఎవరో మగోళ్లు మాట్లాడతంటే పెట్టేశా. టీవీయా? చూడు, నీ కోడలు కొట్టు కాడికొస్తే నాలుగు మాటలన్నా. అన్నాక మనసొప్పలా. జావీద్ చెయ్యి గుర్తొచ్చింది. రాసుకో అక్కా."

ధనమ్మ అంకెలు చదివింది. ఒక్కొక్క అంకె తర్వాత ఆగింది, రాసుకోవడానికి. భర్త చదివే తీరు కూడా అదే.

"మళ్లీ చెప్తన్నా." మళ్లీ చదివింది. "పిల్లకియ్యి. నేనిచ్చానని మాత్రం చెప్పమాక. దానికన్నీ రూలు ప్రకారం జరగాల. పోయి కంప్లయింటు పెడద్ది." చిన్నగా నవ్వింది. "ఆ పిల్లా, మా ఆయనా ఆటోలో స్టేషన్‌కు పోయారు. నువ్వు ఫోన్ చేసి వెనక్కి పిలువు. ఆ కవరు తెరిచారంటే నా కొంప మునిగిద్ది. వింటన్నావా? అక్కా? పలకవేంది?"

వీడియో తీస్తున్న కానిస్టేబుల్ ఫోను దించలేదు.

"లైను పోయినట్టుంది," అంది ధనమ్మ అవతల ఎవరితోనో. కాల్ ఆగింది.

వెంకటసుబ్బయ్య రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఆ డబ్బుకూ దానికీ సంబంధం లేదు సార్," అన్నాడు. "గ్యాసు రాదని, రేషన్ రాదని వీధోళ్లు ఏడుస్తారని తీసుకుని ఉంటది. దానికి చానా భయం. భయంతో చేసింది."

"ఇందాక తెలవదన్నారు."

ఎస్సై కానిస్టేబుల్‌ను జీపు తీయమన్నాడు. లేడీ కానిస్టేబుల్‌ను వెంట తీసుకోమన్నాడు. నౌషీన్ కుర్చీలోంచి లేచింది.

"సార్, ఆ అంకెలు కొట్టుకోనీయండి. ఒక్క నిమిషం. తర్వాత ఫోను మీరే ఉంచుకోండి."

ఎస్సై ఫోను చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

"నువ్వు చదువుకున్నదానివి," అన్నాడు. "ఆ అంకెలు ఇప్పుడు కేసులో ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో అందరం విన్నాం. నువ్వు వాటిని వాడితే నిన్ను కూడా రాయాల్సి వస్తుంది."

"నా ఓటీపీ సార్ అది. నాకొచ్చింది."

"నీకొచ్చింది కాదమ్మా. అదే కదా గొడవంతా."

"పోనీ, ఆ కంప్యూటర్లో లాగిన్ అయి..." అంటూ నౌషీన్ రైటర్ బల్ల వైపు చూపించింది. మాట సగంలో ఆపేసింది. లాగిన్ కావాలన్నా ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ తన సొంత నంబరుకే వస్తుంది. తన నంబరు ఎస్సై చేతిలో ఉంది.

"పిన్నిని ఏం చేస్తారు సార్?" అని అడిగింది.

"ముందు సిమ్ తేనీ."

బయట జీపు స్టార్టయింది. వెంకటసుబ్బయ్య లేచి తలుపు దాకా వెళ్లాడు. తానూ ఎక్కుతానన్నాడు. ఇక్కడే ఉండమన్నారు. ఆయన తిరిగొచ్చి నౌషీన్ పక్కన నిలబడ్డాడు.

"అంకెలు గుర్తున్నయ్యా అమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"ఉన్నయ్ బాబాయ్."

"నాక్కూడా ఉన్నయ్."

ఎస్సై తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. నౌషీన్ పేరు, జావీద్ పేరు, ఇంటి నంబరు అడిగి రాశాడు. ఫోను కంపెనీ పేరు, రంగు రాశాడు. తెర మీద పగుళ్లు లెక్కపెట్టి రాశాడు. ఆమె ఫోను ఆపేసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు సమయం ఐదుకు నాలుగు నిమిషాలు.

రైటర్ బీరువా తెరిచాడు. ఇంకో ఖాకీ కవరు తీసి ఫోను పక్కన పెట్టాడు.